తల్లి పేరు దగ్గర ‘లేదు’ అని రాశాను

మా సంస్థలో కొత్తగా చేరే అమ్మాయిల చేతికి మొదటి రోజే ఒక పుస్తకం ఇస్తారు. బిడ్డ బరువు ఎట్లా తూచాలి, బాలింత ఇంటికి ఎన్ని రోజులకొకసారి పోవాలి, ఏ ఫారంలో ఏం నింపాలి, అన్నీ అందులో ఉంటాయి. మంచి పుస్తకమే. సగానికి పైగా నేనే రాశాను. అందులో రాయకుండా నేను వదిలేసిన సంగతి ఒకటి ఉంది. దాన్ని ఇప్పుడు రాస్తున్నాను. రిటైరయ్యాను కాబట్టి నన్ను ఉద్యోగంలోంచి తీసేసే వీలు ఎవరికీ లేదు.

చీరల కొట్టు

మాది ధర్మవరం. నాయన మగ్గం నేసేవాడు. నేను డిగ్రీ పూర్తి చేసి ఒక పట్టుచీరల కొట్టులో చేరాను. బెంగళూరు నుంచి వచ్చే పెద్దింటి ఆడవాళ్ళకు ఇంగ్లీషులో చీరలు చూపించడం నా పని. ఆ పనిలో నేను నేర్చుకున్నది ఒక్కటే. వచ్చినావిడ ఏం వినాలనుకుంటోందో అదే చెప్పాలి. ముదురాకుపచ్చ ఆమెకు నప్పకపోయినా, ఆమె చెయ్యి దాని మీదే ఉంటే, “ఇది మీకోసమే నేసినట్టుంది” అనాలి. ఇందులో నాకు మంచి పేరుండేది.

ఒకరోజు ఆ కొట్టుకు హెలెన్ వచ్చింది. స్కాట్లాండు మనిషి, నలభై దాటిన మంత్రసాని. చీర కొనడానికి రాలేదు. కొట్టు ముందు బస్సు దిగి, నీళ్ళు అడగడానికి వచ్చింది. తాగి, చిలమత్తూరు వైపు ఒక పల్లెలో పిల్లలకూ తల్లులకూ ఏదైనా చేయాలని వచ్చాననీ, తన మాట వాళ్ళకు చెప్పి వాళ్ళ మాట తనకు చెప్పే మనిషి కావాలనీ అంది. నేను చెప్తానన్నాను. మగ్గాల పని పడిపోయి, కొట్టులో మమ్మల్ని ఒక్కొక్కరినే తీసేస్తున్న రోజులవి.

నాయన ఒక్క మాటే అడిగాడు.

“ఆమె దేశంలో బిడ్డలు లేరా? ఇంత దూరం యాల వచ్చినట్టు?”

నాకు తెలియదన్నాను. తర్వాత చాలా ఏళ్ళకు హెలెన్‌నే అడిగాను. “ఉన్నారు. కానీ అక్కడ నన్నెవరూ పిలవలేదు” అంది. ఇక్కడ కూడా ఎవరూ పిలవలేదని నేను గుర్తు చేయలేదు.

మొదటి సమావేశం

ఆ ఊళ్ళో వరసగా మూడేళ్ళు చెనిక్కాయ, అంటే వేరుశనగ పంట, పోయింది. బోర్లు ఎండిపోయాయి. మగవాళ్ళు సగంమంది బెంగళూరులో మేస్త్రీల కింద పనికి పోయారు. కొందరు తిరిగి రాలేదు. మిగిలిన ఆడవాళ్ళు దొరికిన చోట కూలికి పోతూ, పిల్లల్ని పక్కింటి ముసలమ్మకో, వాకిట్లో కట్టేసిన మేకలకో అప్పగించి పోయేవాళ్ళు.

స్కూలు వరండాలో సమావేశం పెట్టాం. హెలెన్ అడిగింది, నేను తెలుగులో చెప్పాను: “మీకేం కావాలి?”

సర్పంచి రోడ్డు కావాలన్నాడు. ఆయన్ను ఏం అడిగినా రోడ్డే అడుగుతాడని తర్వాత తెలిసింది. ఆయన కూర్చున్నాక వెనక వరసలోంచి ఒకామె లేచింది. పేరు గంగమ్మ. ముప్పై ఏళ్ళుంటాయి. మొగుడు బెంగళూరు పోయి రెండేళ్ళు. బతికున్నాడో లేదో తెలియదు. పక్కన ఆరేళ్ళ కూతురు రేణుక కొంగు పట్టుకుని నిలబడి ఉంది.

“మాకు పెద్దవేం వద్దక్కా. పొద్దన్నే కలుపుకు పోతాం, పొద్దు మునిగినాక వస్తాం. అంతసేపూ ఈ బిడ్డల్ని ఎవరన్నా చూసుకోని, మధ్యాన్నం ఇంత సంగటి పెడితే చాలు. రేత్రికి మా బిడ్డలు మాకాడనే ఉంటారు.”

నేను హెలెన్ వైపు తిరిగాను. ఆమె ఒళ్ళో ఒక కాగితం ఉంది. ఈ పనికి డబ్బు పంపే వాళ్ళ దేశం కమిటీవాళ్ళు ఇచ్చింది. అందులో ఒక ఇంటి బొమ్మ, ముందు పూలమొక్కలు, కిటికీలు, వరసగా పిల్లల మంచాలు ఉన్నాయి. వచ్చేటప్పుడు బస్సులో ఆ బొమ్మ నాకు మూడుసార్లు చూపించింది. ఆమె చెయ్యి దాని మీదే ఉంది.

“పిల్లలకు ఉండడానికి ఒక ఇల్లు కావాలంటున్నారు” అన్నాను ఇంగ్లీషులో.

హెలెన్ కళ్ళు తుడుచుకుంది. గంగమ్మ నన్ను చూసి నవ్వింది. తన మాట చేరిందనుకుంది.

పట్టుపురుగుల షెడ్డు

సర్పంచికి పట్టుపురుగులు పెంచిన పాత షెడ్డు ఒకటి ఉండేది. దాన్ని మాకు ఇచ్చాడు. రోడ్డు సంగతి పైవాళ్ళ చెవిన వేయమన్నాడు. సున్నం కొట్టించాం, మంచాలు వేయించాం. ఎంత కడిగినా పురుగులకు వేసిన మల్బరీ ఆకు వాసన పోలేదు. అనాథ పిల్లల ఇల్లు అని బోర్డు పెట్టాం.

చిక్కు అక్కడే వచ్చింది. తల్లీ తండ్రీ లేని పిల్లల్నే చేర్చుకోవాలని కమిటీవాళ్ళ నియమం. ఆ ఊళ్ళోనూ చుట్టుపక్కలా వెతికితే అట్లాంటి పిల్లలు ఐదుగురు దొరికారు. మంచాలు ముప్పై ఒకటి.

చేర్చుకునే రోజు గంగమ్మ రేణుకను తీసుకుని వచ్చింది. ఆ వారమే ఆమె బెంగళూరుకు పనికి పోవాలి. ఊళ్ళో కూలి కూడా లేదు. నియమం చెప్పాను. ఆమె పాపను పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడింది.

“నా బిడ్డ తినాలంటే నేను సచ్చిపోవాల్నా అక్కా?”

 నా దగ్గర ఒక ఉపాయం ఉంది. కొట్టులో పనిచేసినదాన్ని.

“చావద్దులే. ఎవురన్నా అడిగితే నువ్వు ఆ పాపకు చిన్నమ్మవని చెప్పు. అమ్మ పోయిందని నేను రాసుకుంటా.”

ఆమె ఒప్పుకుంది. ఫారంలో తల్లి పేరు దగ్గర ‘లేదు’ అని రాశాను. అప్పుడు ఆమె నడుముకు దోపుకున్న వక్కాకు సంచిలోంచి ఒక చీటీ తీసింది. మడతల దగ్గర చిరుగుపట్టిన ఆసుపత్రి చీటీ.

“దీనికి రెండేండ్లప్పుడు ఒక సూది ఏసినారు. పడలా. మొగమంతా ఉబ్బి ఊపిరి ఆడలా. ఆ సూది మళ్ళా ఎప్పుడూ ఏయించొద్దని డాక్టరు రాసిచ్చినాడు. ఇది మీకాడ పెట్టుకోండి.”

చీటీ చూశాను. పైన పాప పేరు, దాని కింద ‘తల్లి: గంగమ్మ’ అని ఉంది.

“ఇది ఈడ పెడితే మన మాట అబద్ధమని తెలిసిపోతుంది. నీకాడనే పెట్టుకో” అన్నాను.

ఫారంలో పాత జబ్బులు, పడని మందులు అన్న గడి దగ్గర ‘తెలియదు’ అని రాశాను. పైన తల్లి లేదని రాశాక ఇంకోలా రాయడానికి లేదు. ఒక గడిలో అబద్ధం రాస్తే మిగతా గడులన్నీ దానికి తగ్గట్టు నింపుకుంటూ పోవాలి. దాన్ని మేము నీట్‌గా రాయడం అనుకునేవాళ్ళం.

గంగమ్మకు చెప్పిన ఉపాయమే మిగతా ఆడవాళ్ళకూ చెప్పాను. నెల తిరక్కుండా మంచాలన్నీ నిండాయి.

మంచి చిన్నమ్మలు

నెలకొక ఆదివారం చుట్టాలు వచ్చి పిల్లల్ని చూసి పోవచ్చు. బెంగళూరు నుంచి తెల్లవారకముందే బయల్దేరి, బస్సుల్లో నిలబడి వచ్చేవాళ్ళు. బన్ను, మరమరాలు, కొత్త రిబ్బన్లు తెచ్చేవాళ్ళు. హెలెన్ గేటు దగ్గర నిలబడి చూసేది.

“ఈ ఊరి చిన్నమ్మలు ఎంత మంచివాళ్ళు సరోజా. మా దేశంలో సొంత తల్లులు కూడా ఇంత క్రమంగా రారు” అంది ఒకసారి.

అవును మేడం, మా వైపు అంతే అన్నాను.

మొదటి ఆదివారం రేణుక గేటు దాకా పరుగెత్తి “అమ్మా” అంది. హెలెన్ పక్కనే ఉంది. నేను వెంటనే వంగి పాప చెవిలో, “అమ్మ కాదు, చిన్నమ్మ అను. లేకపోతే నిన్ను ఈడ ఉండనీరు” అన్నాను. పాప తల్లి వైపు చూసింది. తల్లి తల ఊపింది.

రెండో నెల రేణుక ఏమీ పిలవలేదు. మూడో నెల నేను చెప్పకుండానే “చిన్నమ్మా” అంది. గంగమ్మ నవ్వింది. “బాగా నేర్చుకునింది” అంది. బన్ను తుంచి పాప నోట్లో పెట్టింది. పెట్టిన చెయ్యి కొంచెంసేపు అక్కడే ఉంది.

అది నేను చూశాను. చూడలేదని చెప్పలేను. అయితే షెడ్డులో పిల్లలు మూడు పూటలా తింటున్నారు, స్కూలుకు పోతున్నారు, బరువు పెరుగుతున్నారు. నేను పుణ్యం చేస్తున్నాననే అనుకున్నాను. కొత్తగా చేరిన మీరు కూడా ఎప్పుడో ఒకప్పుడు అట్లాగే అనుకుంటారు. ఆ రోజు కొంచెం జాగ్రత్తగా ఉండండి.

హెలెన్ గురించి

ఆమె నాకు ఇరవై ఏళ్ళకు పైగా బాస్. ఉన్నదున్నట్టు రాయాలి. మొండిది. ఒక బొమ్మ మనసులో పడితే దాన్ని ఎవరూ చెరపలేరు. ఎండలో టోపీ పెట్టుకోమంటే పెట్టుకోదు, పడిపోయాక మమ్మల్ని మోయమంటుంది. తెలుగు మాత్రం పట్టుదలగా నేర్చుకుంది. ఊరి ఆడవాళ్ళ దగ్గర నేర్చుకోవడంతో మర్యాద మాటలు ఆమెకు రాలేదు. ఒకసారి జిల్లా నుంచి పెద్ద అధికారి వస్తే, “ఏమప్పా, ఇంతసేపు యాడ తిరుగుతాండావు? రా, కూచో” అంది. ఆయన కూర్చున్నాడు. మా ఫైలు ఆ వారమే కదిలింది.

తన తప్పు ఒప్పుకోవడానికి ఆమెకు ఒక్క రోజు చాలు. నాకు రెండేళ్ళు పట్టింది.

ముల్లు

రేణుకకు ఎనిమిదేళ్ళప్పుడు కాలికి తుమ్మముల్లు గుచ్చుకుంది. ఎవరికీ చెప్పలేదు. నాలుగో రోజుకు పాదం బూరెలాగా పొంగి, ఒళ్ళు కాలిపోతోంది. హెలెన్ చూసి, ఆసుపత్రికి పోవాలంది. అదృష్టం ఏమిటంటే అది చుట్టాలు వచ్చే ఆదివారం. గంగమ్మ అప్పుడే వచ్చింది. ఆమెను కూడా జీపులో ఎక్కించుకున్నాం.

ఆసుపత్రిలో డాక్టరు కుర్రవాడు, ఓపికమంతుడు. పాదం నొక్కి చూశాడు. చీము తీయాలి, సూది మందు మొదలుపెట్టాలి అన్నాడు.

“తల్లిదండ్రులు?”

“లేరు సార్. అనాథ” అన్నాను.

“ఇంతకుముందు ఏ మందన్నా పడలేదా?”

మా ఫారం నా చేతిలోనే ఉంది. “తెలియదు సార్” అన్నాను. నిజంగా చెబుతున్నాను, ఆ నిమిషంలో నాకు చీటీ గుర్తు లేదు. ముప్పై ఒక్క ఫారాల్లో అదే మాట రాసి రాసి, అది నిజమని నేనే నమ్మేశాను.

డాక్టరు మందు పేరు చెప్పాడు. నర్సు సీసా తీసింది. హెలెన్ మంచం మీద కూర్చుని పాప కాలు పట్టుకుంది. గంగమ్మ గోడకు ఆనుకుని నిలబడి ఉంది. ఆమె నర్సు చేతుల్ని చూస్తోంది, నన్ను చూస్తోంది. నేను ఫారం మడుస్తున్నాను.

“ఆ సూది ఏం సూదమ్మా?” అని నర్సును అడిగింది.

“నీకు చెప్పినా అర్థం కాదులే. ముందు చిన్న చుక్క ఏసి చూస్తాం, భయం లేదు.”

గంగమ్మ గోడ వదిలి వచ్చి, నర్సుకూ పాపకూ మధ్య నిలబడింది. గొంతు పెంచలేదు.

“చుక్క గూడా వద్దు. దీనికి ముందొక సూది పడలా. సచ్చి బతికింది.”

డాక్టరు లేచాడు. “నువ్వెవరు? నీకెట్లా తెలుసు?”

గంగమ్మ ఒకసారి హెలెన్ వైపు చూసింది. రెండేళ్ళుగా కాపాడుకున్న మంచం, మూడు పూటల తిండి, స్కూలు, అన్నీ ఆ చూపులో ఉన్నాయి. తర్వాత చెప్పింది.

“దీన్ని కన్నది నేను.”

వక్కాకు సంచిలోంచి చీటీ తీసి డాక్టరు చేతిలో పెట్టింది. ఆయన చదివాడు. నర్సును సీసా పక్కన పెట్టమన్నాడు. చీటీలో ఉన్నదీ సీసాలో ఉన్నదీ ఒకటే మందు. వేరే మందు రాశాడు. చీము తీస్తున్నంతసేపూ రేణుక తల్లి చెయ్యి పట్టుకుని, “చిన్నమ్మా, చిన్నమ్మా” అని ఏడ్చింది.

వరండాలో బల్ల

హెలెన్ నన్ను బయటికి రమ్మంది. ఆమెకు అప్పటికి తెలుగు బాగానే అర్థమవుతోంది. వరండాలో బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం.

“ముప్పై ఒక్కమందిలో తల్లులున్న పిల్లలు ఎంతమంది?”

“ఇరవై ఆరుగురు.”

“మొదటి రోజు స్కూల్లో ఆమె లేచి మాట్లాడింది కదా. నిజంగా ఏమంది?”

గంగమ్మ అన్న మాటలు అన్నట్టే చెప్పాను. రెండేళ్ళయినా ఒక్క మాట మరచిపోలేదు. హెలెన్ విన్నది. ఒక్కొక్కటే వేళ్ళ మీద లెక్కపెట్టింది.

“పగలు చూసుకోవడం. మధ్యాహ్నం సంగటి. అంతేనా?”

“అంతే మేడం.”

“ఇది నా తప్పు కూడా. నేను ఆ బొమ్మ చేతిలో పట్టుకుని అడిగాను.”

నన్ను తీసేస్తుందనుకున్నాను. తీసేయమని నేనే అన్నాను.

“నిన్ను తీసేస్తే ఇంకొకామె వస్తుంది. ఆమె కూడా అబద్ధమే చెబుతుంది, నాకు తెలియడానికి ఇంకో రెండేళ్ళు పడుతుంది. నీ అబద్ధం ఎట్లా ఉంటుందో నాకిప్పుడు తెలుసు.”

ఉద్యోగంలో నాకు దక్కిన మెప్పులన్నింటిలో నేను మరచిపోనిది ఇదే. మెప్పో కాదో ఇప్పటికీ తెలియదు.

మూసేయడం

హెలెన్ తమ దేశం కమిటీకి జరిగింది జరిగినట్టు రాసింది. అక్కడ ఒక్కో పిల్లకు నెలనెలా డబ్బు పంపేవాళ్ళలో కొందరు మానుకున్నారు. అనాథ అనుకుని ఉత్తరాలు రాసిన పిల్లకు తల్లి ఉందని తెలిసి మోసపోయామన్నారు. వాళ్ళ మాటా నిజమే. ఒక ముసలావిడ మాత్రం, అయితే ఇకనుంచి తల్లికి కూడా ఒక కార్డు పంపాలా అని అడుగుతూ రాసింది.

హెలెన్ నన్ను ఇరవై ఆరుగురు తల్లుల దగ్గరికీ పోయి, చేసిన తప్పూ ఇల్లు మూస్తున్న సంగతీ నా నోటితోనే చెప్పిరమ్మంది. పోయాను. నా క్షమాపణ ఎవరికీ అక్కరలేదు. “మూడు పూట్లా తింటాండారు కదా, యాల మూస్తారు?” అనే అడిగారు అందరూ. ఒకామె తలుపేసుకుంది. అనాథలు కాని పిల్లల్ని అనాథల్ని చేయడం తప్పని చెప్పడానికి, రెండేళ్ళు అదే పని చేసిన నేను పోవాల్సి వచ్చింది. నా మాట నమ్మడానికి వాళ్ళకు కారణమేమీ లేదు.

షెడ్డులో మంచాలు తీసేసి చాపలు పరిచాం. పొద్దున్నే పిల్లలు వస్తారు, చిన్నవాళ్ళు అక్కడే ఉంటారు, పెద్దవాళ్ళు స్కూలుకు పోయి మధ్యాహ్నం సంగటికి వస్తారు, సాయంత్రం తల్లులతో ఇళ్ళకు పోతారు. తల్లులు బెంగళూరు పోనవసరం లేకుండా ఊళ్ళోనే ఏం పని దొరుకుతుందో చూడడం మా రెండో పని అయింది. అది మొదటిదానికన్నా కష్టం. ఇప్పటికీ పూర్తి కాలేదు.

ఇక్కడే ఇంకొక తప్పు చేశాం. తప్పు దిద్దుకునే తొందరలో నిజంగా ఎవరూ లేని ఐదుగురి గురించి సరిగ్గా ఆలోచించలేదు. నలుగురికి మేనమామలో పెద్దమ్మలో దొరికారు, బాగానే చూసుకున్నారు. శివమ్మ అనే పిల్లను అవ్వ దగ్గరికి పంపాం. ఏడాదికి అవ్వ పోయింది. మాకు కబురు తెలిసి నేను పోయేసరికి ఆ పిల్లను ఎవరో దూరపు చుట్టాలు బెంగళూరుకు తీసుకుపోయారు. ఏ ఏరియాలో, ఎవరి దగ్గర అని ఎవరూ చెప్పలేకపోయారు. మూడుసార్లు పోయి వెతికాను. దొరకలేదు. షెడ్డు మూయడం సరైన పనే. శివమ్మకు మాత్రం అది సరైన పని కాదు. ఈ రెండు మాటలూ ఒకేసారి నిజమని ఒప్పుకోవడం ఈ ఉద్యోగంలో నేర్చుకోవలసిన పాఠం. నేను ఇంకా నేర్చుకుంటున్నాను.

చెనిక్కాయ చేను

గంగమ్మ ఊళ్ళోనే ఉండిపోయింది. రేణుక కాలు నయమైంది. ఇంటికి పోయింది. కానీ తల్లిని చిన్నమ్మా అనే పిలుస్తోంది. నెలలు గడిచాయి. ఇరుగుపొరుగు నవ్వేవాళ్ళు. గంగమ్మ దిద్దలేదు.

“చెప్పరాదా గంగమ్మా?” అన్నాను ఒకసారి. తిరిగి నేర్పించే పని కూడా నాదేననిపించి, “పోనీ నన్ను చెప్పమంటావా?” అన్నాను.

“నువ్వు చెప్పింది చాల్లేక్కా” అంది. కోపంగా అనలేదు. సంగటి కలిపే కట్టె కడుగుతూ అంది.

ఆ ఏడు వానలు కొంచెం పడ్డాయి. చెనిక్కాయ మొలిచింది. ఒకరోజు నాలుగు దాటాక కలుపు తీసే ఆడవాళ్ళతో మాట్లాడాలని నేను చేనికి పోయాను. పదిమంది వరసగా కూర్చుని, తలలు వంచుకుని తీస్తున్నారు. గంగమ్మ చివర ఉంది. స్కూలు వదిలినట్టున్నారు, రేణుక గట్టు మీద కనబడింది. ఎండకు చెయ్యి అడ్డం పెట్టుకుని, విసుగ్గా అరిచింది.

“అమ్మా, బీగంచెవి యాడ పెట్టినావు?”

వరసలో తొమ్మిదిమంది తలలెత్తారు. గంగమ్మ ఎత్తలేదు. కలుపు తీసుకుంటూ పోతోంది. ఆ పిలుపు తనది కాదనుకుంది.

పక్కామె మోచేత్తో పొడిచింది. “నిన్నే గంగమ్మా. నీ కూతురు.”

గంగమ్మ గట్టు వైపు చూసింది.  

“గూట్లో ఉండాది, పో.”

రేణుక పోయింది. గంగమ్మ తల దించి మళ్ళీ పనిలో పడింది. ఆమె సాలులో కలుపుతో పాటు చెనిక్కాయ చెట్లు కూడా ఊడి వస్తున్నాయి. ఏడెనిమిది దాకా వచ్చాయి. చేను యజమాని చూసి, కండ్లు కనబడలేదా అని తిట్టాడు. నిజంగానే ఆమెకు కనబడడం లేదు.